పరుగు కావాలా, పొడుగు కావాలా

ఐదడుగుల పది అంగుళాలు ఉండావు, కాలేజీ టీములో బాస్కెట్‌బాల్ ఆడతావు, ఇంక సీరియల్లోకి పోతే తప్పేమి తాతా అని అడుగుతాండావు. తప్పేమీ లేదమ్మా. ఈ మాట మీ అమ్మ ముందర అనేదానికి ధైర్యం చాలక నా దగ్గరికి, ఈ మంట దగ్గరికి వచ్చినావని కూడా నాకు తెలుసు. కుర్చీ ఇట్ల జరుపుకో, పొగ నీ మొగం మీదికే తిరుగుతాంది. రేయ్, నువ్వు ఆ కొబ్బరిమట్ట విరిచి ఎయ్. అది కాదు, పచ్చిది. దాని పక్కది.

ఈ బెంగళూరులో కంఠీరవ పేరు పెట్టుకున్నవి రెండు ఉండాయి. ఒకటి కబ్బన్ పార్కు పక్కన స్టేడియం. ఇంకోటి నందిని లేఔట్ దగ్గర స్టూడియో, రాజ్‌కుమార్ సమాధి ఉండేది దాంట్లోనే. ఒకటి ఆటకు, ఒకటి బొమ్మకు. రెండింటికీ నడమ పెద్ద దూరం లేదు, ఇప్పటి ట్రాఫిక్ సంగతి పక్కన పెడితే. ఆ దావన పోయినోళ్ళను మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పోయినోళ్ళలో ఆటను వెంట తీసుకుపోయినోళ్ళు ఇంకా తక్కువ. నేను చెప్పబోయేది వాళ్ళ ముచ్చట్లే.

నేను హిందూపురం నుంచి ఈ ఊరికి వచ్చింది బంతి పట్టుకొనే. ఆ రోజుల్లో ఇక్కడ ఫ్యాక్టరీలు, బ్యాంకులు ఆటగాళ్ళకు ఉద్యోగాలిచ్చి టీములు పెట్టుకునేవి. విజయా బ్యాంకు టీము ఉండేది. మల్లేశ్వరంలో బీగల్స్ క్లబ్బు. సిపాయిలవి ఎంఈజీ, ఏఎస్‌సీ. వాళ్ళతో ఆడిన రోజు రాత్రి పక్కటెముకలకు అమృతాంజనం పూసుకోవాల్సిందే, మోచేతులు అట్ల తగిలేవి. ప్రొఫెషనల్ అని మీరిప్పుడు అనేదానికి మాకు తెలిసిన అర్థం ఇదే. జీతం కాగితంలో గుమాస్తా అని ఉంటుంది, పొద్దున ఆరుకు, సాయంత్రం నాలుగుకు కోర్టులో ఉండాలి. మధ్యలో ఎవరన్నా ఫైలు ఇస్తే పట్టుకోవాలి. ముప్పై రెండో ముప్పై మూడో వస్తే మోకాళ్ళు అరుగుతాయి, అప్పుడు నిజంగానే గుమాస్తా అవుతాం.

మా టీములో సెంటరు ఆడేవాడు ఒకడుండేవాడు. పేరెందుకులే, వాడి మనవళ్ళు ఈ పక్క వీధిలోనే ఉండారు. ఆరడుగుల ఐదు అంగుళాలు. ఎడమ చేత్తో హుక్ షాట్ ఏస్తే చూడాల. బుట్ట వైపు తిరిగి చూసేవాడే కాదు, భుజం మీద నుంచి బంతి అట్ల లేచి, వల కూడా కదలకుండా దిగేది. ఒక రోజు సినిమా వాళ్ళ ఆఫీసులుండే గాంధీనగర్ నుంచి ఒక ప్రొడక్షన్ మేనేజరు కోర్టు దగ్గరికి వచ్చినాడు. పౌరాణికం తీస్తాండామన్నాడు. మావోణ్ణి పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూసి, రేపు పొద్దున రా అన్నాడు. మావోడు రాత్రంతా నిద్రపోలేదు. పోతే రాక్షసుడి వేషం. ఉన్ని విగ్గు, జిగురుతో అతికించిన మీసం, అట్టతో చేసి రంగేసిన గద. పొద్దున్నుంచి పొద్దుగుంకేదాకా లైట్ల కింద నిలబెట్టినారు. పని ఏమంటే, రాజు సింహాసనం వెనకాల నిలబడి నవ్వడం. ఆ నవ్వు కూడా తర్వాత ఇంకొకరితో చెప్పించినారు. బత్తా చేతిలో పెట్టి పంపించినారు. సినిమా వచ్చినప్పుడు టీమంతా కట్టగట్టుకొని పోయినాం, ఈలలేసేదానికి. తెరమీద మావోడు రొమ్ము నుంచి మెడ దాకా కనపడినాడు. తల ఫ్రేములో పట్టలేదు.

మేము నెల్రోజులు ఎగతాళి చేసినాం. వాడు మాత్రం ఒకటే అన్నాడు. హుక్ షాట్ ఏసేది వస్తుందని చెప్పినానురా, ఎవరూ వినలేదు అన్నాడు.

మా కోర్టుకు ఫ్రేజర్ టౌన్ నుంచి ఒక ఆంగ్లో-ఇండియన్ పెద్దాయన వస్తా ఉండేవాడు. అమెరికా పత్రికలు చదివేవాడు, రిఫరీగా విజిల్ ఊదేవాడు. మావోడి కథ విని, నీకేం బాధ, చక్ కానర్స్ ఏం చేసినాడో వినలేదా అని మొదలుపెట్టినాడు. న్యూయార్కులో బ్రూక్లిన్ వాడు, 1921లో పుట్టినాడు. ఈ బోస్టన్ సెల్టిక్స్ అని మీరు టీషర్టుల మీద ఏసుకుంటారే, ఆ టీము పుట్టిన 1946లోనే దాంట్లో చేరినాడు. నవంబరు 5న బోస్టన్‌లో ఆ టీముకు మొదటి మ్యాచి. ఆట మొదలు కాకముందే, ఒళ్ళు వేడెక్కేదానికి బుట్టలోకి బంతి ఏస్తాంటే గాజు బోర్డు పగిలి కూలింది. కండబలం అనుకునేరు, రింగు సరిగ్గా బిగించలేదంతే. ఇంకో బోర్డు కావాల. ఊర్లో ఇంకో పెద్ద స్టేడియంలో ఉంది, కానీ అక్కడ ఆ రోజు గుర్రాల మీద, ఎద్దుల మీద సవారీ ఆటలు జరుగుతాండాయి. అక్కణ్ణుంచి బోర్డు మోసుకొచ్చి బిగించేదాకా జనం కూర్చోని ఉండారు. చివరికి మ్యాచి 57-55తో షికాగో వాళ్ళు గెలిచినారు. సెల్టిక్స్ ఆడే లీగులో బోర్డు పగలగొట్టిన మొదటివాడుగా ఈయన పేరు నిలిచిపోయింది.

బాస్కెట్‌బాల్‌లో పెద్ద వెలుగేమీ వెలగలేదు. బేస్‌బాల్‌కు పోయినాడు. 1949లో బ్రూక్లిన్ డాడ్జర్స్‌కు ఒకే ఒక్క మ్యాచి, 1951లో షికాగో కబ్స్‌కు 66. అక్కడా కుదరక కింది లీగులో లాస్ ఏంజెలెస్ టీముకు పంపించినారు. ఆడ మునిగి ఈడ తేలినట్టయింది, లాస్ ఏంజెలెస్ అంటే హాలీవుడ్ కదా. సినిమా వాళ్ళు మ్యాచిలకు వచ్చేవాళ్ళు, ఈ పొడుగు మనిషిని చూసినారు. 1952లో పాట్ అండ్ మైక్ అనే బొమ్మలో చిన్న వేషం ఇచ్చినారు. ఇక్కడ గమనించాల. ఆ సినిమా కథ ఒక ఆటకత్తె గురించి. గోల్ఫు, టెన్నిసు ఆడే ఆమె కథ. అట్లాంటి సినిమాలో, రెండు ప్రొఫెషనల్ ఆటలు ఆడి వచ్చినోడికి ఏం వేషం ఇచ్చినారు? పోలీసు కెప్టెను! పొడుగుంటే పోలీసు. హాలీవుడ్ అయినా గాంధీనగర్ అయినా ఈ బుద్ధి ఒకటే.

పేరొచ్చింది టీవీతో. 1958 నుంచి 1963 దాకా ది రైఫిల్‌మన్ అని 168 ఎపిసోడ్లు నడిచింది. భార్య పోయి, కొడుకును పెంచుకుంటా బతికే రైతు వేషం, చేతిలో తుపాకి తిప్పుతా ఉంటాడు. రష్యా నాయకుడు బ్రెజ్నెవ్ 1973లో అమెరికా పోయినప్పుడు ఈయన్ను చూసి ఎగిరి కౌగిలించుకున్నాడు. ఆ ఫోటో ప్రపంచమంతా చూసింది. చూడు, గాజు బోర్డు పగలగొట్టినోడని ఎవరికీ తెలియదు, తుపాకి తిప్పినోడని మాస్కోలో కూడా తెలుసు.

బాస్కెట్‌బాల్ కరీం అబ్దుల్ జబ్బార్‌ను మర్చిపోతే మీ అన్న నన్ను వదలడు. ఏడడుగుల రెండు అంగుళాలు, బ్రూస్ లీ దగ్గర కుంగ్‌ఫూ నేర్చుకున్నాడు. గేమ్ ఆఫ్ డెత్‌లో ఇద్దరికీ కొట్లాట. 1972లో తీసిన ముక్కలు అవి, బ్రూస్ లీ మరుసటి ఏడాదే పోయినాడు, బొమ్మ 1978లో గానీ రాలేదు. ఈ ఊర్లో బ్రూస్ లీ అంటే పడిచచ్చే కుర్రోళ్ళు ఆ ఒక్క కొట్లాట కోసం మళ్ళీ మళ్ళీ టికెట్టు కొన్నారు. అక్కడా జబ్బార్‌కు కావాల్సి వచ్చింది కాలు పొడుగే. ప్రపంచంలో ఎవరూ అడ్డుకోలేని స్కైహుక్ షాట్ ఆయనది, ఆ బొమ్మలో దాని మాటే లేదు.

మన దేశంలో అయితే మహాభారతం భీముడు. 1988లో మొదలయింది కదా, ఆదివారం పొద్దున వీధిలో కుక్క కూడా తిరిగేది కాదు. మా ఇంట్లో పోర్టబుల్ టీవీ ముందర ఇరవై మంది. భీముడు రాగానే నేను ఎగిరినా. ఈయన ప్రవీణ్ కుమార్! 1966లో, 1970లో బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో డిస్కస్‌కు బంగారు పతకం తెచ్చినాడు, హామర్‌లో కామన్వెల్త్ వెండి, రెండు ఒలింపిక్సు, బీఎస్‌ఎఫ్ ఉద్యోగం అని చెప్పుకుంటా పోతే మీ జేజి, గమ్మున ఉండు, డైలాగు వినపడలేదు అనింది. పదేండ్లు దేశానికి ఇనుప గుండు విసిరినోడు, గద పట్టుకుంటే గానీ జనం కళ్ళకు ఆనలేదు. 2022లో పోయినాడాయన. పేపర్లన్నీ భీముడు కన్నుమూసినాడనే రాసినాయి.

దీపిక పేరు తెస్తావని తెలుసు, నువ్వు నోరు తెరవకముందే. ప్రకాష్ పడుకోణె కూతురు, ఈ ఊరి పిల్లే. వాళ్ళ నాయన మల్లేశ్వరం కెనరా యూనియన్ హాల్లో, పెళ్ళిళ్ళు లేని పొద్దుల్లో బ్యాడ్మింటన్ నేర్చుకొని, 1980లో ఆల్ ఇంగ్లండ్ గెలిచినాడు. ఈ పాప కూడా జాతీయ పోటీల దాకా రాకెట్ పట్టింది, స్కూల్లో ఉండంగానే వదిలేసింది. మొదటి సినిమా ఏదో తెలుసా? కన్నడలో 2006లో వచ్చిన ఐశ్వర్య, ఉపేంద్రతో. మన నాగార్జున మన్మథుడు ఉంది కదా, దాన్నే మళ్ళీ తీసినారు. తెలుగులో సుధీర్ బాబు కూడా పుల్లెల గోపీచంద్‌తో కలిసి డబుల్స్ ఆడినోడే. వీళ్ళిద్దరూ ఆటను కోర్టులోనే విడిచిపెట్టి వచ్చినారు, నటన నేర్చుకున్నారు, నటులైనారు. అది వేరే దావ. దాన్ని నేను తక్కువ చేయను.

నాకు ఇష్టమైన ముచ్చట మాత్రం అశ్వినీ నాచప్పది. నీకు పేరు కూడా తెలియదు కదా? తెలియదులే.

కొడగు పిల్ల. 1967లో పుట్టింది. ఈ ఊర్లోనే పరిగెత్తింది. అప్పట్లో పరుగు అంటే పి.టి. ఉష. లాస్ ఏంజెలెస్‌లో 1984లో సెకనులో నూరో వంతుతో పతకం పోగొట్టుకొని దేశాన్ని ఏడిపించిన మనిషి. 1986లో సియోల్‌లో నాలుగు బంగారు పతకాలు తెచ్చి నవ్వించిన మనిషి. ఆ ఉషను రెండుసార్లు వెనకేసి గీత దాటింది ఈ అశ్విని. 1988లో అర్జున అవార్డు వచ్చింది. అదే ఏడాది అమెరికాలో ఫ్లోరెన్స్ గ్రిఫిత్ జాయ్‌నర్ రంగురంగుల సూటేసుకొని రికార్డులు బద్దలు కొడతాండె. ఈమె కూడా ఒంటికి అతుక్కునే సూటు ఏసుకొని ట్రాకు మీదికి వచ్చేది. పేపర్లోళ్ళు ఇండియన్ ఫ్లో-జో అన్నారు. ముసలోళ్ళు మొగం చిట్లించినారు. కంఠీరవలో ఆమె ప్రాక్టీసు చేస్తాంటే మేము గ్యాలరీలో కూర్చోని చూసేవాళ్ళం. చూస్తే సూటు కనపడేది కాదమ్మా, కాళ్ళే కనపడేవి.

ఈ పిల్లను పట్టుకున్నది ఎవరనుకున్నావు? కన్నడం వాళ్ళు కాదు, హిందీ వాళ్ళు కాదు. మన రామోజీరావు. ఆయన ఉషాకిరణ్ మూవీస్ వాళ్ళకు అప్పటికే ఒక పిచ్చి ఉండేది, కథ ఎవరిదో వాళ్ళతోనే ఆ కథ ఆడించడం. సుధా చంద్రన్ కాలు పోయి, జైపూర్ కాలు పెట్టుకొని మళ్ళీ నాట్యం చేసింది కదా, ఆమెతోనే ఆమె కథను 1985లో మయూరి అని తీసినారు, సింగీతం డైరెక్షన్. అదే దారిలో 1991లో అశ్విని. డైరెక్టరు మౌళి. పరిగెత్తే పిల్ల కథ, పరిగెత్తే పిల్లే హీరోయిను. తెలుగు ఆమెకు ఇంటి భాష కాదు. అయినా నంది అవార్డు ఇచ్చినారు.

మెజెస్టిక్ దగ్గర ఒక టాకీసులో చూసినా, మీ జేజి, మీ నాయన, నేను. మీ నాయనకు అప్పుడు పదేండ్లు కూడా లేవు. నేను ఎందుకు కదలకుండా కూర్చున్నానో చెప్తా విను. సినిమాల్లో పరిగెత్తేవాళ్ళను ఈసారి బాగా చూడు. చేతులు రొమ్ముకు అడ్డంగా ఊపుతారు. తల వెనక్కి పడిపోతుంది. మడమ దబుక్కున ముందు నేలకు తగులుతుంది. కెమెరావాడు పాపం స్లోమోషన్ పెట్టి, సంగీతం పోసి కప్పిపెడతాడు. పరుగు నేర్చినోళ్ళది అట్ల ఉండదు. చెయ్యి గదమ దగ్గర నుంచి తుంటి దాకా నేరుగా ఆడుతుంది. మొగంలో బిగువు ఉండదు, బుగ్గలు వదులుగా ఊగుతాంటాయి. మునివేళ్ళ మీదే ఒళ్ళంతా నడుస్తుంది. తుపాకి పేలినాక మొదటి పదిహేను గజాలు తల ఎత్తరు, నేలను చూస్తా నేలను వెనక్కి తోస్తారు, ఆ తర్వాత మెల్లగా నడుము నిలబడుతుంది. ఆ పొద్దు తెరమీద అది చూసినా. ఏడుపు సీన్లలో తడబడిందేమో, డైలాగు చెప్పేటప్పుడు కళ్ళు యాడ పెట్టాలో తెలియలేదేమో, నాకు లెక్కలేదు. మా సెంటరు నా చెవిలో ఎన్నాళ్ళుగానో అంటా వచ్చిన మాటకు, హుక్ షాట్ వస్తుందని చెప్పినా వినలేదురా అన్నదానికి, తెలుగోళ్ళు ఒకసారి జవాబు చెప్పినారు. ఆమెకు ఏం వచ్చో అదే చేయించినారు.

ఆ తర్వాత? అదే చెప్పబోతాండా. తర్వాత వచ్చిన బొమ్మల్లో ఒకదాని పేరు ఇన్‌స్పెక్టర్ అశ్విని. చూసినావా, మళ్ళీ పోలీసు! నలభై ఏండ్ల కిందట హాలీవుడ్‌లో కానర్స్‌కు తొడిగిన చొక్కానే ఈమెకూ తొడిగినారు. ఇంకా ఆరంభం, ఆదర్శం, మిస్ 420, ఇట్ల కొన్ని వచ్చినాయి, పోయినాయి. విజయశాంతి కర్తవ్యం అప్పుడే ఊపేసింది కదా, ఆడపిల్ల కొడితే డబ్బులు వస్తాయని అందరికీ తెలిసిపోయింది. కొట్టేదానికి పరుగు ఎందుకు? దృఢమైన ఒళ్ళు చాలు. తప్పు ఆమెది కాదంటాను. రెండో పరుగు కథ రాసే ఓపిక ఎవరికీ లేకపోయింది.

ఆమె కూడా సినిమా పట్టుకొని వేలాడలేదు. పెండ్లి చేసుకుంది, కొడగుకు పోయింది. గోణికొప్పల్‌లో భర్త వాళ్ళ కుటుంబంతో కలిసి 2004లో కరుంబయ్య పేరుతో బడి పెట్టింది, చదువూ ఆటా రెండూ ఉండే బడి. ఆటల సంఘాల్లో రాజకీయ నాయకులు తిష్ట ఏసుకొని కూర్చోవడం మీద క్లీన్ స్పోర్ట్స్ ఇండియా అని గొంతెత్తింది. ఉషను దాటిన పిల్లకు సంఘాల వాళ్ళు ఒక లెక్కా?

నీ ఆటకు దగ్గరున్న మనిషిని కూడా చెప్పేస్తా. ప్రాచీ తెహ్లాన్ అని ఢిల్లీ పిల్ల, 1993లో పుట్టింది. బాస్కెట్‌బాల్ ఆడేది, నెట్‌బాల్ ఆడేది. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ గేమ్స్‌కు ఇండియా నెట్‌బాల్ కెప్టెను. అప్పుడు ఎవరికన్నా ఆ పేరు తెలుసా? 2016లో దియా ఔర్ బాతీ హమ్ సీరియల్లో కనపడింది, ఇంటింటికీ తెలిసిపోయింది. తర్వాత పంజాబీ సినిమాలు, ఇక్యావన్ అని ఇంకో సీరియల్, 2019లో మమ్ముట్టితో మలయాళం మామాంగం.

అందుకే నువ్వు అడిగింది తప్పని నేను అనలేకపోతాండా. 2017 జులైలో బాస్కెట్‌బాల్ ఏషియా కప్పు ఇదే ఊర్లో జరిగింది కదా, ఆడోళ్ళది. నిన్ను తీసుకొని కంఠీరవ ఇండోర్‌కు పోయినా, నువ్వు చిప్సు తింటా కూర్చున్నావు, గుర్తుందా? డివిజన్ బి ఫైనలు, మనోళ్ళకూ కజకిస్తాన్‌కూ. అనిత పాల్‌దురై కెప్టెను. 75-73. రెండంటే రెండు పాయింట్లు. ఆ చివరి నిముషాల్లో నేను కుర్చీలో కూర్చోలేదు, డెబ్బై దగ్గర పడుతున్న మనిషిని, పక్క వరస వాళ్ళు నన్ను చూసి నవ్వినారు. ఆ గెలుపుతో మనోళ్ళు ఏషియా పైవరస టీముల్లోకి పోయినారు. మరుసటి రోజు మన వీధిలో పాలవాడికి చెప్పినా, పక్కింటాయనకు చెప్పినా, ఎవరికీ పట్టలేదు. అదే రాత్రి ఒక సీరియల్లో కోడలు మెట్ల మీద నుంచి జారిపడింది, దాని గురించి మాత్రం అంగట్లో పంచాయితీ జరిగింది. మొగం తెలిసేదానికి, నాలుగు డబ్బులు వచ్చేదానికి ఆటగాళ్ళు టీవీ వైపు చూస్తే నేనెట్ల తప్పు పట్టేది? పద్దెనిమిదేండ్లు ఆడితే నాకు మిగిలింది రెండు అరిగిన మోకాళ్ళు, ఒక పింఛను.

నా అడ్డం ఒక్కటే. ఎవడన్నా వచ్చి నిన్ను పైనుంచి కిందికి చూసి రేపు పొద్దున రా అంటే, నీ పొడుగు చూసి వచ్చినాడా, నీ ఆట చూసి వచ్చినాడా అడుగు. మొగమాటపడొద్దు, నేరుగా అడుగు. పొడుగు చూసి వచ్చినా పోవచ్చు, డబ్బులు డబ్బులే. బేరం మాత్రం దానికి తగ్గట్టు మాట్లాడు. ఆట చూసి వచ్చినోడైతే, కథలో ఎన్ని సీన్లలో బంతి పట్టుకుంటావో కాగితం మీద రాయించుకో. లేకుంటే మూడో వారానికి నీకు లాఠీ ఇస్తారు.

మీ అమ్మతో నేను మాట్లాడతాలే. ముందు సెమిస్టరు పరీక్షలు కానీ. ఆ ఫోను ఇట్ల ఇయ్యి, కాదు, నువ్వే వెతుకు, నాకు ఆ చిన్న అక్షరాలు కనపడవు. అశ్విని 1991 అని కొట్టు. దొరికితే పాటలు వదిలెయ్, ముందుకు జరుపు. పరుగు పందెం వచ్చినప్పుడు ఆపి, మీ అన్నను కూడా పిలువు. ఆమె చేతులు చూడండి ఇద్దరూ, కాళ్ళ కంటే ముందు చేతులు.